పన్నెండు పిల్లిమొగ్గలు

మా తమ్ముడి షాపులో తలుపు పక్క గోడకు ఒక పాత చెక్క బోర్డు ఉంటుంది. దాని నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక పగిలిపోయిన గొట్టం ముక్క. తవ్వే మిషన్లకూ, బరువులెత్తే మిషన్లకూ నూనె మోసే నల్లటి రబ్బరు గొట్టాలు తయారుచేసి బిగించడం వాడి పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పగిలిన గొట్టం వస్తే కొత్తది చేసిచ్చి ఊరుకోడు. పాతదాన్ని నిలువునా కోసి, లోపల చూసి, ఒక అట్టముక్క మీద తేదీ, ఏ మిషనుదో, ఎందుకు పోయిందో రాసి, దారం కట్టి మేకుకు తగిలిస్తాడు.

"పొద్దున్నే షాపు తెరిచి వీటి మొహాలా చూడాల్రా?" అని నేనొకసారి అడిగాను.

"బాగున్న గొట్టం నాకేం చెబుతుందక్కా? పోయినవే చెబుతాయి" అన్నాడు.

అక్కడందరూ వాడిని గొట్టాల మేస్త్రీ అంటారు. నేను మొండిఘటం అంటాను. వాడికంటే తొమ్మిదేళ్ళు పెద్దదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

నా సంగతి కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో బస్‌స్టేషను మైకులో అరిచి చెప్పడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దిగదు. తమ్ముడు, మరదలు, వాళ్ళ కూతురు, నేను ఒకే ఇంట్లో ఉంటాం. పిల్లకు ఆరేళ్ళు. కుదురుగా నిలబడడం దానికి పుట్టుకతోనే రాలేదు, అందుకే బొంగరం అని పేరు పెట్టాను, అదే స్థిరపడింది. మంచం మీద నుంచి అందరిలా కాళ్ళు పెట్టి దిగదు, పిల్లిమొగ్గ వేసి కింద పడుతుంది. బడికి వెళ్ళే ముందొకటి, వచ్చాక ఒకటి, కోపమొస్తే మూడు.

అలాంటి పిల్ల ఐదో ఏట ఉన్నట్టుండి చిక్కిపోయింది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగింది, కూర్చున్న చోటే నిద్రపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే షుగర్ అన్నారు. "చిన్నపిల్లకి షుగరేంటండీ, పరీక్ష సరిగ్గా చెయ్యండి" అని నేను డాక్టరమ్మ మీద గయ్యిమన్నాను. ఆవిడ ఓపికగా రెండోసారి చూపించింది. ఆ రోజు నుంచి రోజుకు ఐదారు ఇంజెక్షన్లు. సూది కనపడితే చాలు బొంగరం మంచం కిందికి దూరేది. దాన్ని కాళ్ళు పట్టుకుని బయటికి లాగే పని నాది. ఆ పని చేసి చేసి నా మీద నాకే అసహ్యం వేసేది.

ఏడాది తర్వాత డాక్టరమ్మ ఒక చిన్న పంపు చూపించింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. నడుముకు కట్టుకుంటే ఇన్సులిన్‌ను బొట్టుబొట్టుగా రోజంతా పంపిస్తుంది. క్లినిక్కు దగ్గరున్న పంపును నెల రోజులు వాడి చూడమంది. కుదిరితే ఆ తర్వాత పిల్లకే ఇస్తారు, కుదరకపోతే మళ్ళీ ఇంజెక్షన్లే. పంపు నుంచి సన్నటి గొట్టం బయల్దేరి, చివర ఒంటికి అంటుకునే పట్టీతో, చర్మం కిందికి దిగే చిన్న ముక్కతో ముగుస్తుంది. ఆ గొట్టాన్నీ ముక్కనూ కలిపి సెట్టు అంటారు. దాన్ని రెండు మూడు రోజులకోసారి మార్చాలి.

నర్సమ్మ బల్ల మీద మూడు రకాల సెట్లు పెట్టింది. మొదటిది మెత్తటి ప్లాస్టిక్కుది, ఒక గుండ్రటి డబ్బీ ఆనించి నొక్కితే టక్కున నిటారుగా దిగుతుంది, సూది కంటికి కనపడదు. రెండోదానికి చిన్న ఉక్కు సూది, అది లోపలే ఉండిపోతుంది. మూడోదీ మెత్తటిదే కానీ ఏటవాలుగా చేత్తో దించాలి. దించాక సూది బయటికి వచ్చేస్తుంది గానీ, ఆ సూది పొడుగు చూసి మా మరదలు కళ్ళు మూసుకుంది.

తమ్ముడు మూడింటినీ వేళ్ళతో వంచి చూస్తున్నాడు. "ఈ మెత్తటిది పట్టీ కింద, మెడ దగ్గర మడత పడదా అండీ?" అని అడిగాడు.

నర్సమ్మ జవాబు చెప్పేలోపే నేను అందుకున్నాను. "మెత్తటిది ఉండగా పసిపిల్ల ఒంట్లో ఇనుము పెడతావట్రా? సూది కనపడనిదే కావాలి. ఇంకో మాట లేదు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి వాడు నా మాట విన్నది ఆ ఒక్కసారే. అదే మా కొంప ముంచింది.

మూడో రోజు బడి నుంచి వచ్చిన పిల్ల సంచీ పడేసి గోడకు చేరగిలబడింది. షుగర్ పరీక్ష చేస్తే నాలుగు వందల పన్నెండు. పంపు మాత్రం తన పని తాను చేస్తున్నట్టే నిశ్శబ్దంగా ఉంది. మరదలు, మందు అందకపోతే ఒంట్లో పేరుకునే కీటోన్లు ఎంతున్నాయో చూసింది, నేర్పినట్టే ఇంజెక్షను ఇచ్చింది, సెట్టు పీకింది. ఆ మెత్తటి ముక్క గుర్రపు నాడాలా వంగిపోయి ఉంది. మందు ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. పంపు ఎందుకు మొత్తుకోలేదని ఫోన్లో నేను నర్సమ్మను నిలదీశాను.

"చిన్నపిల్లలకి వెళ్ళే మందు చాలా తక్కువమ్మా. దారి మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరగడానికి గంటలు పడుతుంది. అప్పటిదాకా పంపుకి తెలీదు" అంది.

తమ్ముడికి ఆ మాట వెంటనే అర్థమైంది. నాకు అర్థం కాకపోయినా భయం మాత్రం పట్టుకుంది.

అలా ఇరవై రోజుల్లో తొమ్మిది సెట్లు వేస్తే, ఎనిమిది దారి తప్పాయి. నెలలో ఇంకా పది రోజులు మిగిలి ఉండగా డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. "పంపు మంచిదే. కానీ మందు లోపలికి వెళ్తోందన్న నమ్మకం లేకుండా చిన్నపిల్లకి ఉంచలేను. ఈ పది రోజుల్లో దారికి రాకపోతే ఇంజెక్షన్లకే వెళ్దాం" అంది. ఆవిడ మాటలో తప్పు లేదు. తప్పు లేని మాట మీద అరవలేక నేను లోలోపల ఉడికిపోయాను.

బొంగరం తలుపు దగ్గర నిలబడి అంతా వింది. "ఆటల పోటీలకి నేను పన్నెండు పిల్లిమొగ్గలు వెయ్యాలి కదా, టీచర్ నన్నే ముందు పెట్టింది" అంది. పోటీలు సరిగ్గా తొమ్మిదో రోజు. "ఇంజెక్షన్లయితే నేను మంచం కిందే ఉంటా. బయటికి రాను."

ఆ సాయంత్రం తమ్ముడు షాపు నుంచి వస్తూనే అలమర మీద నుంచి చొక్కా వచ్చిన అట్టపెట్టె దించాడు. మూత మీద వరుసగా తొమ్మిది మెత్తటి ముక్కలు, టేపుతో అంటించి ఉన్నాయి. ఒక్కోదాని కింద తేదీ, ఒంట్లో ఎక్కడ పెట్టింది, ఎలా బయటికొచ్చింది.

"ఛీ, పిల్ల ఒంట్లోంచి తీసినవి దాచుకున్నావట్రా!" అన్నాను.

వాడు షాపులో మరలు చూసుకునే భూతద్దం పెట్టి ఒక్కోటీ చూశాడు. వంగినవి ఐదు, ఐదూ పొట్ట మీద పెట్టినవే, ఐదూ మెడ దగ్గరే వంగాయి. నడుం కింద వెనకవైపు పెట్టినవి మూడు. అవి వంగలేదు గానీ గొట్టం లాగేసి సగంలో ఊడిపోయాయి. ఇక మిగిలిన ఒక్కటి, పొట్ట మీద పెట్టినదే, సూటిగా కొత్తదానిలా ఉంది. వాడు దాని దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎప్పుడు పెట్టాం?" అని మరదలిని అడిగాడు.

మరదలు తేదీ చూసి, "అప్పుడు దానికి జలుబు కదూ. రెండున్నర రోజులు మంచం దిగలేదు" అంది.

వాడు నెత్తి కొట్టుకున్నాడు. ఊరికే అనడం కాదు, నిజంగానే రెండు చేతులతో ఠపీమని కొట్టుకున్నాడు. "అక్కా, నిలబెట్టిన మిషనుకి కొలత తీశాను!"

షాపులో వాడు అందరికీ మొదట నేర్పే పాఠం అదేనట. మిషను చెయ్యి పూర్తిగా చాపి ఒకసారి, పూర్తిగా మడిచి ఒకసారి చూశాకే గొట్టం ఎక్కడి నుంచి పోవాలో తేల్చాలి. ఊరికే నిలబెట్టి కొలిచి బిగిస్తే, పని మొదలుపెట్టిన గంటకే నలిగి చస్తుంది. ఇరవై రెండేళ్ళు ఊళ్ళో మిషన్లన్నిటికీ ఆ పాఠం పాటించినవాడు, కన్నకూతురిని మాత్రం మంచం మీద కర్రలా పడుకోబెట్టి పెట్టాడు. అది లేవగానే గిర్రున తిరిగే పిల్ల.

వెంటనే ముందుగది మధ్యలో దుప్పటి పరిచాడు. కడిగితే పోయే రంగు పెన్ను తెచ్చి పిల్ల పొట్ట మీద, నడుం చుట్టూ, వెనకవైపు రెండేసి చుక్కలు పెట్టాడు, చుక్కకూ చుక్కకూ మధ్య రెండు వేళ్ళ ఎడం. చక్కిలిగిలితో అది మెలికలు తిరిగిపోతోంది.

"ఇప్పుడు నెమ్మదిగా ఒక పిల్లిమొగ్గ వెయ్యమ్మా. మధ్యలో ఆగు అంటే ఆగాలి."

"మధ్యలో ఎవరైనా ఆగుతారా నాన్నా?" అంటూనే ముడుచుకుంది. తమ్ముడు నేల మీద బోర్లా పడుకుని, చెంప దుప్పటికి ఆనించి చూశాడు. పొట్ట మీద చర్మం మడత పడి అక్కడి చుక్కలన్నీ దగ్గరికొచ్చి కలిసిపోయాయి. "నాన్నా, ముద్దు పెట్టుకుంటున్నాయా?" అని అది ముడుచుకున్న గొంతుతోనే అడిగింది. నడుం కింద వెనకవైపు ఉన్న చుక్కలు మాత్రం ఎడంగానే ఉన్నాయి. గొంతుక్కూర్చున్నా, పక్కకు దొర్లినా అంతే. చోటు దొరికింది. అక్కడ పెట్టినవి ఎందుకు ఊడిపోయాయో కూడా తేలింది. గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదనేది వాడి షాపు అలవాటు, అందుకని అన్నిటికంటే పొట్టిది ఎంచాడు. వెనక నుంచి ముందున్న పంపు దాకా అది చాలక, కూర్చున్నప్పుడల్లా పట్టి లాగేది.

మర్నాడు నర్సమ్మ దగ్గరికి వెళ్ళి పొడుగు గొట్టం అడిగాడు. చుక్కల సంగతి వినగానే ఆవిడ పిల్లను వెనక్కి తిప్పి, చర్మం పట్టి చూసి తల ఊపింది. "మీరన్నది నిజమే. పైగా పిల్ల సన్నగా ఉంది. నిటారుగా దిగేది ఇలాంటి పిల్లలకి ఒక్కోసారి సరిపడదు. ఉక్కుదో, ఏటవాలుదో చూడండి" అని రెండు రకాలూ ఇచ్చింది.

మా వాడు ముందు తన ఒంటికే పెట్టుకుంటానన్నాడు. ఆవిడ నవ్వి, మందు లేకుండా ఎలా పెట్టుకోవాలో చూపించింది. ఒక పక్క ఉక్కుది, ఇంకో పక్క ఏటవాలుది తగిలించుకుని రోజంతా షాపులో వంగి లేచి పని చేశాడు. సాయంత్రం ఉక్కుదాని గురించి నాకు ఉపన్యాసం మొదలుపెట్టాడు. సూదికి నాలుగు వేళ్ళ దూరంలో రెండో పట్టీ ఉంటుంది, గొట్టం లాగినా ఆ లాగుడంతా పట్టీ మీదే పడుతుంది గానీ సూదికి తగలదు. "ఇది గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచే మా క్లాంపేనక్కా! ఎవరో మా పని తెలిసినవాడే చేశాడు" అని మురిసిపోయాడు. ఈసారి నేను నోరు మెదపలేదు.

ఉక్కుది పెట్టారు. రెండు రోజులు గడిచాయి, దాన్ని మార్చి ఇంకోటి పెట్టారు. అంకెలు నూట ముప్పై, నూట యాభై, నూట ఇరవై. మరదలు నాలుగు వారాల్లో మొదటిసారి పాట పాడుకుంటూ గిన్నెలు తోమింది. తమ్ముడు ఆ అంకెలను చుట్టాలకు ఫోన్లు చేసి మరీ చెప్పాడు.

ఏడో రోజు పొద్దున నేను డ్యూటీకి తయారవుతున్నాను. బొంగరం నిద్ర లేచింది. మంచం అంచుకు జరిగి, ఒక కాలు కింద పెట్టి, తర్వాత రెండో కాలు పెట్టి దిగింది.

నా చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. "ఏమ్మా, పిల్లిమొగ్గ ఏది?"

"ఇవాళ వద్దత్తా."

"నిన్న?"

అది గోడ వైపు చూసింది. దగ్గరికి లాక్కుని మెల్లగా అడిగాను. అంత మెల్లగా మాట్లాడడం నాకూ వచ్చని అప్పుడే తెలిసింది.

"గుచ్చుతోందా?"

"దొర్లితేనే. దొర్లకపోతే ఏం లేదు." నా కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాన్నకి చెప్పకు. నాన్న బాగా నవ్వుతున్నాడు కదా" అంది.

ఆ మాటకు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆరేళ్ళ పిల్ల తండ్రి నవ్వు కోసం తన ఆట మానేసుకుంది. నేరుగా షాపుకు వెళ్ళాను. వాడు మిషను దగ్గర గొట్టానికి ఫిట్టింగు బిగిస్తున్నాడు. సంగతి చెప్పాను.

"అంకెలు ఇంత బాగుంటే మారుస్తామంటావేంటక్కా?" అన్నాడు.

బస్‌స్టేషను గొంతు బయటికొచ్చేసింది. "అంకెలు బాగున్నాయిరా, పిల్ల ఆగిపోయింది! పని మానేసి మూలన కూర్చున్న మిషనుకి గొట్టం పగలక ఏమవుతుంది? నీ పెట్టెలో జలుబు రోజులది లేదూ? ఇదీ అంతే!"

షాపులో అందరూ చేతిలో పని ఆపి చూశారు. వాడు బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేతులు తుడుచుకుని నా వెంట ఇంటికి బయల్దేరాడు. దారంతా తనలో తానే గొణుక్కుంటూ నడిచాడు. వాడికి తనను తాను తిట్టుకోవడం వచ్చు, నా సాయం అక్కర్లేదు.

ఇంటికొచ్చి పిల్ల ముందు నేల మీద కూర్చున్నాడు. "బాగా లేకపోతే నాకు చెప్పాలమ్మా. నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? షాపులో నాకు ప్రెషరు చూపించే గేజీ ఉంది. ఇక్కడ నువ్వే నా గేజీ" అన్నాడు. ఏటవాలు సెట్టు తీసి, దాచకుండా, ఆ పొడుగు సూదిని దాని చేతికి దగ్గరగా పెట్టి చూపించాడు. "ఇది లోపలికి వెళ్ళి వెంటనే బయటికి వచ్చేస్తుంది. మెత్తటిది మాత్రమే ఉంటుంది. పెట్టాలో వద్దో నువ్వు చెప్పు."

బొంగరం మంచం కిందికి చూసింది. దాన్ని కాళ్ళు పట్టి లాగే రోజులు మళ్ళీ వచ్చాయనుకున్నాను. అది అటు కదలకుండా సూదిని ఎగాదిగా చూసి, "ఇది పనిచేస్తే నువ్వు కూడా ఒక పిల్లిమొగ్గ వెయ్యాలి. అందరి ముందూ" అంది.

"నేనా?"

"వేస్తావా, వెయ్యవా?"

"వేస్తా" అన్నాడు మా గొట్టాల మేస్త్రీ, తన బొజ్జ వంక దిగులుగా చూసుకుంటూ.

ఆ రోజు మళ్ళీ షాపు ముఖం చూడలేదు. పాత్రలు తోమే కొత్త స్పాంజి మీద, ఎంత వాలుగా దించాలో నర్సమ్మ గీసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, ముప్పై నలభై సార్లు సాధన చేశాడు. తర్వాత పిల్లను పడుకోబెట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, సగం ముడుచుకోమన్నాడు. లెక్క అదే పెడతానంది.

"ఒకటి. రెండు. రెండున్నర. రెండుంపావు..."

"వెనక్కి పోతున్నావే!" అన్నాను.

"నన్ను లెక్కపెట్టనివ్వత్తా! మూడు!"

దించాడు. సూది బయటికొచ్చింది. వాడి నుదుటి మీద చెమట గడ్డం దాకా కారింది. బొంగరం మెడ తిప్పి, "అయిపోయిందా? ఇంతేనా?" అంది. రెండు నిమిషాల తర్వాత మంచం ఎక్కి, పిల్లిమొగ్గ వేసి కింద పడింది. ఆ దబ్బుమన్న చప్పుడు విని వంటింట్లోంచి మరదలు పరుగెత్తుకొచ్చింది, వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

తొమ్మిదో రోజు బడి మైదానంలో పొడుగ్గా చాపలు పరిచారు. నర్సమ్మ చెప్పినట్టు ఆ కాసేపూ గొట్టం విప్పి, పంపు నా చేతిసంచీలో పెట్టారు. ఒంటి మీద ఆ చిన్న పట్టీ మాత్రమే ఉంది. ఈల మోగింది. వరుసకు ముందు మా బొంగరం. ఒకటి, రెండు, మూడు... ఐదో దాని దగ్గర కాస్త పక్కకు వాలింది, సర్దుకుంది. పది. పదకొండు. పన్నెండు! చాప చివర లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. నేను అరిచిన అరుపుకు మైదానం అవతల గేటు దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఇన్నేళ్ళ నా ఉద్యోగం ఆ రోజుకు పనికొచ్చింది.

తమ్ముడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కూతురి దగ్గరికి పోయి గొట్టం తగిలించాడు, అన్నం తినిపించాడు, గడియారం చూస్తూ వరండా మెట్ల మీద కూర్చున్నాడు. వాడి పరీక్ష ఇంకా అవలేదు. దొర్లుడికి ఆ మెత్తటి ముక్క వంగి ఉంటే, తిన్న అన్నమంతా రెండు మూడు గంటల్లో అంకెల్లోకి ఎక్కుతుంది. మేం ముగ్గురం వాడి పక్కనే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. రెండు గంటలకు వేలు గుచ్చితే నూట అరవై. మూడు గంటలకు నూట ముప్పై ఎనిమిది.

వాడు ఆ అంకె రెండుసార్లు చదివాడు. మీటరు నా చేతిలో పెట్టాడు. చెప్పులు విప్పాడు. ఇంకా చుట్టనైనా చుట్టని చాపల మీదికి నడిచి, హెడ్‌మాస్టరూ టీచర్లూ పిల్లల తల్లిదండ్రులూ చూస్తుండగా, తల కింద పెట్టి దబ్బున ఒక పిల్లిమొగ్గ వేశాడు. చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది. లేచేటప్పుడు తూలితే కూతురే వచ్చి చెయ్యి పట్టుకుంది. "సూటిగా రాలేదు నాన్నా, రేపు నేర్పుతా" అంది. అంత నవ్వు మా ఇంటివాళ్ళ నోట ఏడాది తర్వాత వినపడింది.

మర్నాడు క్లినిక్కులో డాక్టరమ్మ ముందే సెట్టు తీశారు. మూడు రోజులు పిల్ల ఒంట్లో ఉండి, మైదానమంతా దొర్లి వచ్చిన ఆ మెత్తటి ముక్క సూటిగా ఉంది. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత మూడు రోజుల అంకెలు చూసింది. చుక్కల సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకుని వింది, నర్సమ్మను పిలిచి వినిపించింది. "పంపు ఉంచుకోండి. ఇది ఇక మీ పిల్లదే" అంది. బొంగరం అక్కడే, గచ్చు మీదే వెయ్యబోతే నేను జబ్బ పట్టుకుని ఆపాను.

ఆ సాయంత్రం షాపుకు వెళ్ళాను. తమ్ముడు బోర్డు ముందు నిలబడి ఉన్నాడు, చేతిలో అట్టముక్క. ఇరవై రెండేళ్ళుగా పోయిన గొట్టాలే ఎక్కిన బోర్డు అది. మధ్యలో ఒక మేకు ఖాళీ చేశాడు. గోరంత కూడా లేని ఆ మెత్తటి ముక్కను చిన్న ప్లాస్టిక్ సంచీలో పెట్టి, దారం కట్టి అక్కడ తగిలించాడు. అట్టముక్క మీద తేదీ వేశాడు. మిషను అన్నచోట బొంగరం అని రాశాడు. ఎందుకు పోయింది అన్న చోటికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఏం రాయమంటావన్నట్టు నా వైపు చూశాడు.

"నన్నడిగితే మళ్ళీ తప్పే చెబుతాను, నువ్వే రాయి" అన్నాను.

వాడు రాశాడు. "పన్నెండు పిల్లిమొగ్గలు. వంగలేదు."